ఉప్పు తగినంత

వంటల పుస్తకాలు రాసేవాళ్ళందరూ ఒక్క మాట దగ్గర కూడబలుక్కున్నట్టు తప్పుకుంటారు. "ఉప్పు తగినంత." ఎంతకి తగినంత? ఎవరికి తగినంత? పదిమంది ఆడవాళ్ళున్న ఇంట్లో వంట నేర్చుకున్న పిల్లకి ఆ మాట చాలు. పెళ్ళయిన వారానికే మొగుడి వెంట ఏ పూనాకో, ఫ్రాంక్‌ఫర్ట్‌కో వెళ్ళి స్టవ్వు ముందు ఒంటరిగా నిలబడ్డ పిల్లకి చాలదు. రాసినావిడ తప్పేం లేదు. కొలత ఆవిడ చేతిలో వుంది. చెయ్యి పుస్తకంలోకి రాదుగా!

ఈ గొడవంతా ఇప్పుడెందుకంటే, ఈమధ్య నాకు కంప్యూటరు ప్రోగ్రాముల మాన్యువళ్ళు చదివే జబ్బు పట్టుకుంది. నవ్వకండి. నవల టైపు చేసుకునే నాలాంటివాళ్ళకి ఉచితంగా దొరికే ప్రోగ్రాములు చాలానే వున్నాయి. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి, చాలామంది జీతం బత్తెం లేకుండా, ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్ళు కూర్చుని రాసి, వాడుకోండి, కావలిస్తే మార్చుకోండి అని లోకానికి వదిలినవి. ఊరందరూ కలిసి తవ్వుకున్న చెరువులాంటివన్నమాట. చెరువైతే తవ్వారు, దిగడానికి మెట్లు ఎన్ని కట్టాలన్నదే చిక్కు.

మా వదినగారు తెలుగు పండితురాలిగా పనిచేసి రిటైరయ్యారు. మా అత్తగారు పాడుకునే మంగళహారతులు, పెళ్ళిపాటలు నోటుపుస్తకాల్లో వుండిపోయాయి. పేజీ తిప్పితే కాగితం పెళుసుగా విరుగుతోంది. ఇటు వదినగారికి ఒక కంట్లో చూపు తగ్గుతోంది. అవి పోకముందే, ఇది పోకముందే అన్నీ టైపు చేసెయ్యాలని ఆవిడ తొందర. అక్షరాలు పెద్దవిగా కనబడాలి కదా, స్టైలులోకి వెళ్ళి సైజు ఇరవై పెట్టారు. ఇంగ్లీషు అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. తెలుగువి మాత్రం ఆవగింజల్లా అలాగే వున్నాయి!

కారణం ఏమిటయ్యా అంటే, ఆ ప్రోగ్రాము (పేరెందుకులెండి) లిపుల్ని గుంపులుగా విడగొడుతుంది. ఇంగ్లీషు ఒక గుంపు. చైనా, జపాను లిపులు ఇంకో గుంపు. ఒత్తులూ గుణింతాలూ వున్న మనవీ, అరబ్బీ వగైరాలూ "సంక్లిష్ట లిపులు". ఒక్కో గుంపుకి ఫాంటు వేరు, సైజు వేరు. ఆవిడ కంప్యూటర్లో మన గుంపు కనబడాలంటే సెట్టింగుల్లో ఎక్కడో ఓ మూల టిక్కు పెట్టాలి.

మరి ఈ సంగతి మాన్యువల్లో లేదా అంటారేమో. వుంది. వందల పేజీల పుస్తకంలో, ఏ పేరుతో వెతకాలో ముందే తెలిసినవాళ్ళకి దొరికే చోట వుంది. తెలుగు అక్షరాలు పెద్దవి కావడం లేదని బాధపడే మనిషికి "సంక్లిష్ట లిపి" అన్న మాట ఎలా తడుతుంది? మన భాష మనకి సంక్లిష్టమని పండితులు తప్ప ఇంకెవరైనా అంటారా? (వదినగారు ఈ పేజీ చదవరనే ధైర్యం.)

అమెరికాలో వున్న వాళ్ళబ్బాయిని ఫోన్లో అడిగారు. "చాలా సింపులమ్మా" అంటూ గబగబా ఏదో చెప్పాడు. మంచి పిల్లాడే, కాకపోతే అక్కడ ఆఫీసు టైము. ఆ "సింపుల్" అన్న మాట విని విని మనలో ఎంతమందిమి అడగడమే మానుకున్నామో! వదినగారూ మానుకున్నారు. వారం రోజులు కంప్యూటరు మీద గుడ్డ కప్పే వుంది, నోటుపుస్తకాలు బీరువాలోకి వెళ్ళిపోయాయి. పక్కన కూర్చుని చూపించే మనిషి వుంటే కాగితం లేకపోయినా గడుస్తుంది. లేనివాళ్ళకి కాగితమే దిక్కు.

ఈ విద్యలో ముందుతరంవాళ్ళు ఆ సంగతి గ్రహించినట్టే కనిపిస్తారు. 1971 నవంబరులో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌కి మొదటి మాన్యువల్ తెచ్చారు. ఒక్కో ఆదేశం గురించీ విడిగా, క్లుప్తంగా రాశారు. ఏం చేస్తుందో చెప్పి వూరుకోలేదు, "దోషాలు" అని ఒక శీర్షిక పెట్టి, ఇది ఫలానా చోట సరిగా పనిచెయ్యదని వాళ్ళే రాసుకున్నారు. దాని బాధ్యులెవరో కూడా వేశారు. పెళ్ళిచూపుల్లో పిల్లవాడి కోపం సంగతి వాళ్ళమ్మే ముందు చెప్పినట్టు! ఆ పద్ధతి నాకెంత నచ్చిందో చెప్పలేను. 1993లో మొదలైన డెబియన్ వాళ్ళదీ గట్టి నియమమే: ప్రతి ప్రోగ్రాముకీ మాన్యువల్ పేజీ వుండాలి, లేకపోతే అదీ ఒక లోపం కిందే లెక్క. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ అయితే, ప్రోగ్రాముని మార్చుకునే హక్కు వున్నప్పుడు దాని పుస్తకాన్ని మార్చుకునే హక్కూ వుండాలని వాదించాడు. మార్చకపోతే పుస్తకం ఒకటి చెబుతుంది, ప్రోగ్రాము ఇంకోటి చేస్తుంది మరి.

అలాగని రాత్రిళ్ళు కూర్చుని వూరికే పనిచేసేవాళ్ళని, అన్నీ అరటిపండు వొలిచినట్టు రాసివ్వమని నిలదీస్తే న్యాయమా? పైగా కొత్త హంగు కనిపెట్టినవాడికి వచ్చే పేరు, దాని గురించి నాలుగు పేజీలు రాసినవాళ్ళకి రాదు. విందులో మెచ్చుకోళ్ళన్నీ వంటకే, అంట్లు తోమిన మనిషి ఎవరికి గుర్తు? ఇంకో తంటా ఏమిటంటే, ఇలాంటి ప్రోగ్రాములు కొన్ని ఆర్నెల్లకోసారి కొత్త రూపం ఎత్తుతాయి. రాసిన ప్రతి పేజీనీ మళ్ళీ దిద్దుకుంటూ పోవాలి. పాతబడ్డ పేజీ అసలు లేని పేజీ కంటే చెడ్డది, లేని మెనూని చూపించి మనల్ని గంటసేపు తిప్పుతుంది. నన్నడిగితే వెయ్యి పేజీలక్కర్లేదు. మొదటి గంట గట్టెక్కించే నాలుగు పేజీలు చాలు, అవి మాత్రం వాడేవాళ్ళ మాటల్లో వుండాలి. ఎక్కడ చెయ్యిస్తుందో దాచకుండా చెప్పాలి. మిగతాది అరకొరగా వున్నా సర్దుకుంటాం. సర్దుకోవడం మనకి కొత్తా?

రెండు ఆదివారాలు మేమిద్దరం ఆ లావుపాటి పుస్తకంతో కుస్తీ పట్టి ఆ టిక్కు కనిపెట్టాం. అక్షరాలు పెద్దవవగానే వదినగారు పాటల జోలికి పోలేదు. "అమ్మాయ్, ఓ తెల్లకాగితం ఇలా ఇవ్వు" అన్నారు. "తెలుగు అక్షరాలు పెద్దవి కాకపోతే" అని పైన రాసి, కింద ఏడు మెట్లు, గుండ్రటి దస్తూరీలో. నాలుగు జిరాక్సులు తీయించి తనతో రిటైరయిన టీచర్లకి పంచారు. అసలు ప్రతి ఆ ప్రోగ్రాము వాళ్ళకే పంపుతారట. అడుగున తేదీ వేశారు, ప్రోగ్రాము ఎన్నో నంబరుదో వేశారు. దాని కింద ఒక వాక్యం: "అరసున్న ఎలా కొట్టాలో నాకింకా తెలియలేదు. తెలిసినవారు రాయగలరు."