సైరంధ్రి దగ్గర పది నిమిషాలు

కర్నూలు పిల్లలకు వాన చూపించుకు వద్దామని బయలుదేరాము. కోస్తావారు వింటే నవ్వుతారేమో గాని, మా వైపు ఏడాది పొడుగునా కురిసే వాన 70 సెంటీమీటర్లు దాటిందంటే అది గొప్ప సంవత్సరం కిందే లెక్క. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 32 మంది, ఉపాధ్యాయులం ముగ్గురం. దసరా సెలవులు. "అంత దూరం పోతూ ఊటీకి తీసుకుపోరాదా సార్?" అని తల్లిదండ్రులలో సగంమంది అడిగారు. ఊటీ వున్న నీలగిరులకే నైరుతి మూల, కేరళలోని పాలక్కాడు జిల్లాలో, సైలెంట్ వ్యాలీ అనే అడవి వుంది. బొటానికల్ గార్డెన్ ముందు నిలబడి ఫొటో తీయించుకోవడానికి పిల్లలకు ముందు చాలా కాలం వుంది, ఇప్పుడు అడవి చూడనివ్వండి అని ఎలాగో ఒప్పించాను.

రెండు రైళ్ళు మారి పాలక్కాడు చేరి, అక్కడినుంచి బస్సులో మన్నార్కాడు మీదుగా ఘాటు రోడ్డెక్కి ముక్కాలిలో దిగేసరికి సన్నని జల్లు పడుతోంది. పిల్లలు గొడుగులు విప్పలేదు సరిగదా, తలలు పైకెత్తి నోళ్ళు తెరిచారు. వాళ్ళ మొదటి కార్యక్రమం అదే అయింది. ఆ రాత్రి బస ముందు ఒక సీసా, గరాటు, స్కేలు పెట్టి వానను కొలిచే యంత్రం తయారు చేశారు. తెల్లవారి చూస్తే ఆరు సెంటీమీటర్లు. "మన వూర్లో నెల వాన సార్ ఇది!" అని ఒక పిల్ల ఆ సీసాను అందరికీ తిప్పి చూపింది. ఈ అడవిలో ఏటా పడే వాన మామూలుగా 300 సెంటీమీటర్లకు పైమాటే. ఉదయం ఫలహారానికి పుట్టు, శనగల కూర పెట్టారు. తొలి ముద్ద నోట పెట్టుకోగానే ఉగ్గాని, బజ్జీ ఏవీ అని దిక్కులు చూచిన మహానుభావులూ వున్నారు.

ముక్కాలి నుంచి సైరంధ్రి 23 కిలోమీటర్లు. అటవీశాఖవారు అనుమతించిన జీపులలో, వారు ఇచ్చిన మార్గదర్శకుడితోనే వెళ్ళాలి. మాకు దారి చూపినవాడు అట్టప్పాడి ప్రాంతపు ముడుగ గిరిజనుడు. అతను మలయాళం, కొంచెం తమిళం మాట్లాడతాడు. మాలో తమిళం వచ్చిన సోషల్ టీచరుగారు తెలుగు చేసి చెప్పేవారు. సైరంధ్రి అన్న పేరు వినగానే, మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె అడ్డం తగిలింది. "సైరంధ్రి అంటే ద్రౌపది గదా, ఆమె విరాటరాజు కొలువులో గదా వుండింది?" అతను నవ్వి, పాండవులు ఇక్కడ తిరిగారనీ, కింద పారే ఏటి పేరు కూడా కుంతి పుళ అనీ చెప్పాడు. పుళ అంటే ఏరు. ఆ పిల్ల పూర్తిగా ఒప్పుకోలేదు.

జీపులు దిగగానే జలగలు స్వాగతం చెప్పాయి. మోకాళ్ళదాకా గుడ్డ మేజోళ్ళు తొడిగి, ఉప్పు మూటలు చేతికిచ్చి తెచ్చాము గాని, మొదటి పావుగంటా కేకలే. అది కరిచినప్పుడు నొప్పి తెలియదు. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం దాని ఉమ్మిలో వుంటుంది గనుక, అది రాలిపోయిన తర్వాత కూడా కాసేపు కారుతూనే వుంటుంది. పాఠంలో ఇది రెండుసార్లు చెప్పాను, ఒక్కరికీ గుర్తు లేదు. ఇక్కడ ఒక్కసారి చెప్పాను. తిరిగి వచ్చేదాకా వాళ్ళు నాకు చెబుతూనే వున్నారు. అన్నిటికన్నా ఎక్కువ జలగలు పట్టినది, "భయపడకండి, ఏమీ కాదు" అంటూ అందరికీ ధైర్యం చెప్పిన మా డ్రిల్లు మేష్టారినే.

పిల్లలను ఇద్దరిద్దరిని జంటలు చేశాము. ఒకరికి కళ్ళకు గుడ్డ కట్టి, రెండవవారు ఒక చెట్టు దగ్గరకు నడిపించాలి. కళ్ళు కట్టినవారు బెరడూ, నాచూ, గోడల్లా లేచిన వేళ్ళూ తడిమి చూచి వెనక్కు రావాలి. గుడ్డ విప్పాక తన చెట్టేదో తానే వెతుక్కోవాలి. మా వూళ్ళో అయితే వేపో తుమ్మో, అంతే. ఇక్కడ పది అడుగులలో పది జాతులు! ముళ్ళకాయలు కాచే వెడిప్లావు అనే చెట్టును మా మార్గదర్శకుడు చూపించాడు. దాని పువ్వులూ గింజలూ సింహంతోక కోతికి ముఖ్యమైన ఆహారం. నల్లని ఒళ్ళు, ముఖం చుట్టూ బూడిదరంగు జూలు, తోక చివర కుచ్చు. మాకు ఒక్క క్షణం కొమ్మల సందున తోక మాత్రమే కనబడింది. 32 మందిలో 30 మంది మొత్తం కోతిని చూశామని ఇంటికి ఉత్తరాలు రాశారు.

తర్వాత ఉక్కు గోపురం. సుమారు 100 అడుగులు. పదేసి మంది చొప్పున ఎక్కించాము. పైనుంచి చూస్తే చెట్ల నెత్తులు తప్ప నేల కనబడదు. కొండల మధ్య లోయలో కుంతి పుళ. అక్కడే ఆనకట్ట కట్టాలనుకున్నారు. 1973లో ప్రణాళికా సంఘం ఒప్పుకున్నది. తొలి దశలో 120 మెగావాట్ల విద్యుత్తు, ముంపు 8 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఎమ్.కె.ప్రసాద్ అనే వృక్షశాస్త్ర అధ్యాపకుడు, కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తువారు, సుగతకుమారి మొదలైన కవులు వూరూరా తిరిగి వద్దన్నారు. 1983లో ఆ పథకం విరమించారు. మరుసటి సంవత్సరం జాతీయ వనంగా ప్రకటించారు. 1985లో రాజీవ్ గాంధీ ప్రారంభించారు. ఇదంతా గోపురం కింద నిలబడి ఉత్సాహంగా చెప్పాను. బడిపంతుళ్ళూ కవులూ కలిసి ఆనకట్ట ఆపడమంటే నాకు కొంచెం కులాభిమానం కూడా కలిగిందని ఒప్పుకోవాలి.

ఏటివైపు కిలోమీటరున్నర దిగుడు. నేను ఆశగా దాచుకున్న కార్యక్రమం అక్కడ. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఒకరికొకరు పదడుగుల దూరంలో కూర్చుని విన్న చప్పుళ్ళన్నీ కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. కీచురాళ్ళు లేవు గనుకనే ఈ లోయకు నిశ్శబ్దమని పేరు వచ్చిందని ఒక కథ. ఆ కోతి శాస్త్రనామం నుంచి వచ్చిందని మరొకటి. కీచురాళ్ళు వున్నాయనీ అంటారు. పిల్లలే తేలుస్తారు గదా అనుకున్నాను.

ఈల వేశాను. అందరూ లేచారు. లెక్కపెడితే 31.

మళ్ళీ లెక్కపెట్టాను. 31. ఏటి హోరు ఒక్కసారిగా పెద్దదైనట్టు తోచింది. చిరుతలు తిరిగే అడవి, జారుడు రాళ్ళు, ఎవరి కన్నబిడ్డో! నా నోరు ఎండిపోయింది. మా మార్గదర్శకుడు మాత్రం కేకలు వేయవద్దని సైగ చేసి, తడిమట్టిలో అడుగులు చూచుకుంటూ దిగి, అయిదు నిమిషాలలో వాడిని చెయ్యి పట్టుకుని తీసుకువచ్చాడు. ఏటిగట్టున రాతి మీద కూర్చుని వున్నాడట. ఎనిమిదో తరగతిలో వెనక బెంచీ కుర్రవాడు. కొడదామని చెయ్యి ఎత్తానుగాని, వాడి ముఖం చూచి దించేశాను.

"నీళ్ళు ఎంతవరకు వచ్చేవో చూసినాను సార్" అన్నాడు. కాసేపాగి, "ఈడ కోతులుంటే నిలిపినారు గదా. మా జేజినాయన వూర్లో మనుషులుండినారు. ఎందుకు నిలపలేదు సార్?"

వాళ్ళది శ్రీశైలం ముంపు వూరు. 1981లో వందకు పైగా వూళ్ళు ఆ నీటి కింద పోయాయి. నేను ఉపాధ్యాయుణ్ణి గదా, తెలిసినదంతా చెప్పాను. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టారని కూడా చెప్పాను.

"గుడి కట్టినారు సార్. వూరు కట్టలేదు" అన్నాడు.

అప్పుడు లైన్‌మన్ కూతురు అందుకున్నది. "కరెంటు లేకుంటే నువ్వెట్ల చదువుతావు? శ్రీశైలం కుడిగట్టుదే 770 మెగావాట్లు. మా నాయన చెప్పినాడు." తిరుగుదారి ఎక్కినంతసేపూ వాదన. ఈ లోయలో ముంపుకు వూళ్ళే లేవని ఒకడు. వూళ్ళు లేకుంటే ముంచవచ్చునా అని ఇంకొకతె. జలగలను ఎవరూ పట్టించుకోలేదు. నేను ఎవరి పక్షమూ పలకలేదు. పెద్దరికంతో కాదు, చెప్పడానికి ఏమీ తోచక.

చప్పుళ్ళ కాగితాలు రైలులో చదివాను. పక్షులు ఏడు రకాలు, ఏటి హోరు, ఆకు మీది చినుకు, "డ్రిల్లు సార్ ఆవలింత". కీచురాళ్ళని నలుగురు రాశారు, మిగతావారు రాయలేదు. కనుక ఆ తగవు తెగలేదు. వెనక బెంచీవాడి కాగితం ఖాళీ.

కర్నూలు స్టేషనులో వాడి జేజినాయన తలగుడ్డ చుట్టుకుని నిలబడి వున్నాడు. మనవడు అన్నీ చెప్పాడు కాబోలు, నా దగ్గరకు వచ్చి, "ఆ పక్క వానలు బాగున్నాయా సామీ?" అని అడిగాడు. బాగున్నాయన్నాను. ఎండాకాలంలో సంగమేశ్వరం దగ్గర నీళ్ళు తీసినప్పుడు తమ వూరి గోడలు బయటపడతాయనీ, పిల్లోళ్ళను తీసుకువస్తే ఏ ఇల్లు ఎవరిదో తానే చూపిస్తాననీ అన్నాడు. ఆటో ఎక్కబోతూ తిరిగి చూచి, అక్కడ జలగలు లేవు గాని చెట్టు నీడ కూడా వుండదు, గొడుగులు మరిచిపోవద్దు అని చెప్పాడు.