కొండల దారిలో గోల్‌కీపరు ఊరు

పిల్లలూ, ఆంధ్రప్రదేశ్ పటం తీసి కొయ్యూరు మీద వేలు పెట్టండి. 1924 మే 7న అల్లూరి సీతారామరాజు ప్రాణాలు విడిచిన చోటు అది. ఇప్పుడు ఆ జిల్లాకే ఆయన పేరున్నది. చుట్టూ తూర్పు కనుమలు. ఇక కొండలను విడువకుండా వేలును దక్షిణంగా నడపండి. పాపికొండల దగ్గర గోదావరి అడ్డం వస్తుంది. దాన్ని దాటి, నల్లమలలో శ్రీశైలం దగ్గర కృష్ణను దాటి, ఇంకా కిందికి వచ్చి పెన్నను కూడా దాటితే శేషాచలం కొండలు కనిపిస్తాయి. బస్సులో అయితే రెండు రోజుల ప్రయాణం, వేలికి అరనిమిషం!

ఆ కొండల వెంబడే తిరుపతి జిల్లా యర్రావారిపాలెం మండలం ఉన్నది. తలకోన జలపాతం అక్కడిదే. సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్ళు దూకుతాయి. చూడవచ్చినవాళ్ళు నీటిలో తడిసి, కోతులకు భయపడి, తెచ్చుకున్న పులిహోర తిని వెళ్ళిపోతారు. అదే మండలంలో ఎనుమలవారిపల్లె అనే చిన్న ఊరున్నదని వారిలో ఎందరికి తెలుసో! భారత స్త్రీల హాకీ జట్టులో గోల్‌కీపరుగా ఆడిన ఎతిమరపు రజని ఆ ఊరి పిల్లే. 1990లో పుట్టింది.

గోల్‌కీపరు పని ఎంత కష్టమో కాస్త లెక్క వేసి చూద్దాం. హాకీలో గోలు వెడల్పు 12 అడుగులు, ఎత్తు 7 అడుగులు. బంతి బరువు 160 గ్రాముల దాకా ఉంటుంది, రాయిలా గట్టిది. పదునుగా కొడితే గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. గోలు ముందు గీసిన అర్ధచంద్రం అంచునుంచి, అంటే 14.63 మీటర్ల దూరంనుంచి కొడితే, అరసెకను దాటీ దాటకముందే గోలు చేరుతుంది. బంతిని చూసి, ఎటు వస్తున్నదో తేల్చుకుని, కాలో చెయ్యో అడ్డం పెట్టడం అంతా ఆ అరసెకనులోనే జరగాలి. అందుకే గోల్‌కీపరు కొట్టేవారి కర్రనూ భుజాన్నీ ముందుగానే చదువుతుంది.

చలిదేశాలలో ఇదే ఆటను గడ్డకట్టిన నీటి మీద, ఇనుప బ్లేడ్ల బూట్లతో ఆడతారు. కొయ్యూరుకు దగ్గరలోని లంబసింగిలో చలికాలం గడ్డి మీద మంచు పేరుకుంటుంది గాని, చెరువు గడ్డకట్టదు కదా! అక్కడ బంతికి బదులు 170 గ్రాముల రబ్బరు బిళ్ళ. కెనడాకు చెందిన మనో రెయోమ్ అనే గోల్‌కీపరు 1992లో ఏకంగా మొగవారి పెద్ద లీగు జట్టులో, ఒక సన్నాహక ఆటలో, గోలు ముందు నిలబడింది. మంచు హాకీ అయినా మన హాకీ అయినా ఒక ఇబ్బంది ఒక్కటే: జట్టులో ఎందరున్నా గోలు ముందు నిలిచేది ఒక్కరే.

రజనికి ఎదురైనది ఇదే. 36 ఏళ్ళ తరువాత మన స్త్రీల జట్టు 2016లో రియో ఒలింపిక్ క్రీడలకు వెళ్ళింది. ఎంపికైన 16 మందిలో గోల్‌కీపరు హర్యానాకు చెందిన సవిత ఒక్కతే. రజని అదనపు క్రీడాకారిణి. 2021లో టోక్యోలోనూ అంతే. ఆస్ట్రేలియాను 1-0తో ఓడించిన రోజున బంతులన్నీ ఆపినది సవిత. రజని మైదానం బయట ఉన్నది. ఇదేం న్యాయం అని మీకు అనిపించవచ్చు. కాని సాధన వేళ రెండో గోల్‌కీపరు కూడా మొదటి ఆమెతో సమానంగా దెబ్బలు కాచుకోవాలి. మొదటి ఆమె కాలు బెణికితే, సిద్ధపడటానికి వ్యవధి అడగడం కుదరదు. ఆ ఎదురుచూపులో ఏళ్ళు గడపడం బంతిని ఆపడంకన్న తేలికేమీ కాదని నా అభిప్రాయం.

2018 ఆసియా క్రీడలలో వెండి పతకం, 2022 కామన్వెల్త్ క్రీడలలో కంచు పతకం గెలిచిన జట్లలో రజని ఉన్నది.

2024 జనవరిలో ఒమాన్ దేశపు మస్కట్‌లో అయిదుగురి హాకీకి మొదటి ప్రపంచకప్పు జరిగింది. మైదానం మామూలు దానిలో సగం కూడా ఉండదు. గోల్‌కీపరుకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరకదు. భారత జట్టుకు నాయకురాలు రజని! సెమీఫైనల్లో దక్షిణాఫ్రికాను 6-3తో ఓడించారు. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 7-2తో ఓడి, రెండో స్థానంలో నిలిచారు. ఆ రెండో స్థానం పతకాన్ని శేషాచలం కొండల పిల్ల నాయకురాలిగా అందుకున్నది.