పుట్టినరోజు మింగిన అయిదు పాయింట్లు

2023 నవంబరులో మా తమ్ముడికి ముప్ఫైమూడేళ్లు నిండాయి. అమ్మ సేమ్యా పాయసం చేసింది. వాడు చెంచా ముట్టలేదు. ‘ఇవాళ్టితో నా విలువ అయిదు పాయింట్లు పడిపోయింది అక్కా’ అన్నాడు.

ఆస్ట్రేలియా లెక్క అది. పాతికేళ్ల నుంచి ముప్ఫైమూడు నిండేదాకా వయసుకి 30 పాయింట్లు. ఆ తర్వాత 25. అదీ దరఖాస్తుకి పిలుపు అందిన రోజుకి ఉన్న వయసే లెక్క! డిగ్రీకి 15, ఇంగ్లిషుకి 10, మరదలి ఇంగ్లిషుకి 5. ఎనిమిదేళ్ల సాఫ్ట్‌వేర్ అనుభవంలో మొదటి రెండేళ్లు కొట్టేశారు, మిగతా ఆరేళ్లకి 10. నిన్నటిదాకా 70, ఇవాళ 65. కనీస అర్హత కూడా సరిగ్గా అంతే. కానీ ఎంసెట్‌లో క్వాలిఫై అయినంత మాత్రాన సీటొచ్చినట్టు కాదని మన ఇళ్లలో ఎవరికి తెలీదు?

అక్కడే రాష్ట్రాల నామినేషన్ ఆదుకునేది. ఏ వృత్తులవాళ్లు కావాలో అక్కడి రాష్ట్రాలు చెబుతాయి. ఎవరికెన్ని స్థానాలో ఏటా కేంద్రం పంచుతుంది. రాష్ట్రం మనల్ని ఎంచుకుంటే 190 వీసాకి 5 పాయింట్లు కలుస్తాయి. అంటే పుట్టినరోజు మింగింది తిరిగొచ్చినట్టే. 491కైతే ఏకంగా 15! మెలికా ఉందిలెండి. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ వదిలేసి మిగతా చోట్లే ఉండాలి. వీసా అయిదేళ్లే. శాశ్వత నివాసానికి కనీసం మూడేళ్లు ఆగాలి.

‘నామినేషన్ వస్తే ఉద్యోగం వచ్చినట్టే సార్’ అన్నాడు కన్సల్టెంటు. నాన్న నమ్మేశారు. రోజూ నలుగురిని ప్రశ్నలడిగే ఉద్యోగం చేస్తూ నేనూ నమ్మాను! అది ఉద్యోగమూ కాదు, వీసా కూడా కాదు. వీసా ఇచ్చేది కేంద్రమే. తమ్ముడు ఓ రాత్రంతా కూర్చుని నిబంధనలు చదివాకగానీ ఈ సంగతి తెలీలేదు. అప్పటికే ఫీజు కట్టేశాం.

చివరికి దక్షిణ ఆస్ట్రేలియా 491కి నామినేట్ చేసింది. 65కి 15 కలిసి 80. వీసా వచ్చింది, ఇద్దరూ అడిలైడ్ వెళ్లారు. మొదటి నాలుగు నెలలూ వాడు గోడౌన్‌లో పెట్టెలు సర్దిన విషయం అమ్మకి చెప్పలేదు. ఆదివారం పేపరు వదలకుండా చదువుతుంది కాబట్టి ఇవాళ తెలిసిపోతుంది.

మరదలి అక్క మెల్‌బోర్న్‌లో ఉంటుంది. సంక్రాంతికి వెళ్లి నాలుగు రోజులుండి రావచ్చు. కాపురం మాత్రం అడిలైడ్‌లోనే.