వేలెడంత సిపాయి

"అమ్మా, దీనికి రంగు నువ్వే వెయ్యవా? నా చెయ్యి వణుకుతోంది" అన్నాడు మా పెద్దాడు.

మనామాలో వేసవి సెలవులు. బయట నిప్పులు, లోపల ఏసీ. పుట్టినరోజుకి వాడి స్నేహితుడిచ్చిన వార్‌హామర్ డబ్బా విప్పాం. 1983లో ఇంగ్లండులో మొదలైన ఆట. ప్లాస్టిక్ ముక్కలు కత్తిరించి, అతికించి, రంగులేసి, ఆ తర్వాత టేపుతో దూరం కొలుస్తూ, పాచికలేస్తూ యుద్ధం చెయ్యాలి. ఒక్కో సిపాయి ఇంచుమించు మూడు సెంటీమీటర్లు!

నిజం చెప్పొద్దూ, నాకు యుద్ధం ఎక్కలేదు, బొమ్మ ఎక్కింది. సంక్రాంతి కొలువులో అమ్మ పెట్టే కొండపల్లి బొమ్మలు గుర్తొచ్చాయి. వాటికి పొణికి చెక్క ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఈ జిగురేమో ప్లాస్టిక్కునే కాస్త కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. కెమిస్ట్రీ మళ్ళీ పలకరించినట్టయింది.

ఏసీ గాలికి రంగు చిటికెలో ఎండిపోతోంది. టిఫిన్ డబ్బాలో తడి టిష్యూలు పరిచి, పైన బేకింగ్ పేపర్ వేసి, రంగు దానిమీద పెట్టాను. కాగితం గుండా తేమ కొద్దికొద్దిగా ఎక్కుతుంది. సాయంత్రం దాకా రంగు ఆరలేదు.

"ఎవరు నేర్పారు?" అన్నారు మావారు.

"బీయస్సీ" అన్నాను. ఏ ఫారమ్‌లోనైనా 'గృహిణి' అని రాసినప్పుడల్లా చివుక్కుమనే మనసు ఆ పూట ఊరుకుంది.

శుక్రవారం పెద్దాడితో ఆడి చిత్తుగా ఓడాను. ముందు పోయింది నా సిపాయే!

వాణ్ణి ఈసారి కొలువులో పెట్టనా అని ఫోన్‌లో అడిగితే, అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "తుపాకీ ఉందా? అయితే కింది మెట్టు మీద పెట్టు" అంది.