పాలిష్ చేయించాం మేడం

పాత వాచీలు అమ్మేవాళ్లందరికీ ఒకటే జబ్బు. మంచి వాచీ చేతికి చిక్కిందంటే చాలు, ముందు దాన్ని బఫింగు చక్రానికి ఆనిస్తారు. "పాలిష్ చేయించాం మేడం, కొత్తదానిలా మెరిసిపోతోంది చూడండి" అంటారు, మనం కూడా మురిసిపోతామన్న నమ్మకంతో. కొత్తదే కావాలనుకుంటే నేను షోరూముకే పోయేదాన్ని కదా. అక్కడైతే ఏసీలో కూర్చోబెట్టి కాఫీ కూడా ఇస్తారు.

మా ఆయన రిటైరయ్యారు. ఆయనకో ఒమేగా కాన్‌స్టలేషన్ కొనాలని నా పట్టుదల. 1960ల మొదట్లోది, స్టీలుది అయితే మరీ మంచిది. ఆ రకం 1952లో మొదలైంది. వెనక మూత మీద ఒక వేధశాల గుమ్మటం, దాని పైన ఎనిమిది చుక్కలు చెక్కి ఉంటాయి. ఆ రోజుల్లో వచ్చిన చాలావాటికి డయలు మధ్యలో చదునుగా ఉండి, అంచుల దగ్గర పన్నెండు పలకలుగా కిందికి వాలుతుంది. బెల్టు తగిలించే కొమ్ముల మీద పదునైన విరుపు ఒకటి ఉంటుంది. అందమంతా ఆ విరుపులోనే ఉంది. చక్రానికి ఆనించిన ప్రతిసారీ అక్కడ కాస్త లోహం పోతుంది. నాలుగు చేతులు మారి నాలుగు పాలిష్‌లు పడేసరికి, తరతరాల అభిషేకాలకి అరిగిన విగ్రహంలా ముక్కేదో మూతేదో తెలియకుండా పోతుంది. పోయిన లోహాన్ని ఏ మెకానిక్కూ సులువుగా తెచ్చిపెట్టలేడు. బంగారు పూత వాచీల గతి ఇంకా ఘోరం, పూత పోయి లోపలి ఇత్తడి బయటపడుతుంది. పైగా ఆ పాలిష్ ఖర్చు కూడా కలిపి మన దగ్గరే వసూలు చేస్తారు.

గీతలుంటే ఉండనివ్వండి. ఎవరో ఆఫీసు బల్ల మీద చెయ్యి ఆనించి ఏళ్ల తరబడి సంతకాలు పెడితే పడ్డ గీతలవి. అవి అక్కర్లేదనేవాడు పాత వాచీ జోలికి రాకూడదు.

డయలుకి మళ్లీ రంగు వేసేవాళ్లది ఇంకో కథ. బొంబాయి చోర్‌బజారు సరుకు గురించి వాచీల పిచ్చి ఉన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు. 1865లోనే బొంబాయిలో కొట్టు తెరిచిన ఫేవర్ లూబా పేరుతో, ఆ కంపెనీ కలలో కూడా ఊహించని ఎరుపులూ పచ్చలూ ఇప్పుడు దొరుకుతున్నాయి. భూతద్దం పెట్టి చూస్తే అక్షరాలు కాస్త లావుగా ఉంటాయి, నిమిషాల గీతలు ఎక్కడో ఒకచోట తప్పుతాయి, ఆరు అంకె కింద ఉండాల్సిన 'స్విస్ మేడ్' పక్కకి జరిగి ఉంటుంది. అయినా ఎందుకో ఆ రంగులవాళ్ల మీద నాకంత కోపం రాదు. రూపాయి బిళ్లంత జాగాలో చేత్తో అంత పని చేశారు పాపం. పాలిష్‌వాడికి చెయ్యి కూడా అక్కర్లేదు, మోటారు చాలు.

నేను పాత వాచీ కొనబోతున్న సంగతి తెలిసి మా ఆడపడుచు ఫోన్ చేసింది. "ఎవరిదో వాచీ అన్నయ్య చేతికెందుకు వదినా? వాడి టైమెలాంటిదో ఏమో!" అంది. చచ్చిపోయినవాడిదో, అప్పులపాలైనవాడిదో అని ఆవిడ బెంగ. మొన్ననే వాళ్లు సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించేసరికి ఎవరి టైమూ దానికి అడ్డు రాలేదు. వాచీ కిందా ఓ నిమ్మకాయ పెడతాను లెమ్మన్నాను. నవ్వలేదు.

ఆవిడకి పాల్ న్యూమన్ వాచీ కథ చెప్పాల్సింది. ఆ హాలీవుడ్ నటుడికి కారు పందేల పిచ్చి. భార్య జోఆన్ ఉడ్‌వర్డ్ ఆయనకో రోలెక్స్ డేటోనా కొని, బండి జాగ్రత్తగా నడపమని వెనక మూత మీద చెక్కించి ఇచ్చింది. ఆయన దాన్ని ఏళ్ల తరబడి పెట్టుకుని, 1984లో కూతురి స్నేహితుడి చేతిలో పెట్టేశాడు. 2017లో న్యూయార్క్ వేలంలో అది కోటీ డెబ్భై ఏడు లక్షల డాలర్లు దాటి పలికింది. ఒకరు పెట్టుకుని వదిలేసిన వాచీయే! ఆ మూత మన పాలిషాయన చక్రం కింద పడి ఉంటే ఆ ఇల్లాలి హెచ్చరికంతా పొడైపోయేది.

అసలు మన ఇళ్లల్లో వాచీ భార్య కొనిపెట్టే వస్తువు కాదు, మామగారి దగ్గర రాబట్టుకునే వస్తువు. మా పెళ్లిలో అలకపాన్పు మీద ఈయన నోరు విప్పలేదు. పక్కనే నిలబడ్డ వాళ్ల పెద్దత్తగారు మాత్రం "కాంచన్ అయితేనే లేస్తాడు" అని తీర్పు చెప్పేసింది. అంటే హెచ్.ఎం.టి. కాంచన్, బంగారు పూతది, ఆటోమేటిక్. కట్నం వాచీ అని దానికి పేరే ఉండేది. 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టిన ప్రభుత్వ కంపెనీ, దేశంలో సగం మంది అల్లుళ్ల అలకలు తీర్చాల్సొస్తుందని అనుకుని ఉండదు. కొట్టుకెళ్లి అడిగితే దొరికే సరుకు కాదది. తాలూకాఫీసు గుమాస్తా మా నాన్న. బెంగళూరులో ఉన్న ఎవరినో బతిమాలి, అసలు ధర మీద ఇంకొంత ముట్టజెప్పి తెప్పించాడు. ఆయన చేతికున్నది మాత్రం అద్దం పగిలిన పాత వెస్ట్ ఎండ్. ఆ అద్దం మార్పించడానికి చివరిదాకా ఆయనకి తీరికే దొరకలేదు, డబ్బు దొరకలేదనడం ఆయనకి నచ్చదు కాబట్టి అలా అంటున్నాను. పెద్దత్తగారు పోయి చాలా కాలమైంది, నా కోపం మాత్రం పోలేదు.

పెళ్లికూతురికి వాచీ సంగతి ఎవరూ ఎత్తలేదు. తరవాత నేను కొనుక్కున్న లేడీస్ వాచీలన్నీ కందిగింజంత డయళ్లవే. ఆడవాళ్లకి టైం చూసే అవసరం లేదనుకున్నారో, మన కళ్లు అంత చురుకనుకున్నారో. ఆ కాలపు మగవాళ్ల కాన్‌స్టలేషన్ ముప్ఫై నాలుగు, ముప్ఫై అయిదు మిల్లీమీటర్లే. కొట్లో పెట్టుకుని చూశాను, నా మణికట్టుకి బ్రహ్మాండంగా కుదిరింది.

ఇంకో సంగతి. అది ఆటోమేటిక్. చెయ్యి కదిలితేనే లోపలి బరువు తిరిగి స్ప్రింగు చుట్టుకుంటుంది. కదలకపోతే రెండు రోజుల్లో ఆగిపోతుంది. మా ఆయన పొద్దున్నే పడక్కుర్చీలో కూర్చుంటే పేపరు తిప్పడానికి తప్ప చెయ్యెత్తరు. ఇంట్లో చెయ్యి ఆడేది నాకే. వాచీ బాగు కోరి, వారంలో నాలుగు రోజులైనా దాన్ని నేనే పెట్టుకోవాల్సి ఉంటుంది.