కొండోళ్ళకి నొప్పి తెలీదంటారు

కాన్పు నొప్పులతో వచ్చిన మనిషి పళ్ళబిగువున ఓర్చుకుని గోడవైపు తిరిగి పడుకుందనుకోండి. పేటమనిషైతే పక్కకెళ్ళి చెయ్యి పట్టుకుని ఎలా ఉందని అడుగుతారు. కొండమీంచి డోలీలో దిగిన మనిషైతే ‘గట్టి మనిషి, ఇంకా చాలా టైముంది’ అనుకుని పక్క మంచానికి వెళ్ళిపోతారు. అదే కొండమనిషి గొంతెత్తి అరిస్తే, ‘ఇంత చిన్నదానికే గోల’ అంటారు. ఆమె అరిచినా, అరవకపోయినా కాన్పు ఎంతవరకు వచ్చిందో ఆ మాటల్లో ఉండదు. అది పార్టోగ్రాఫ్ కాగితంలో ఉంటుంది. బిడ్డ గుండె అరగంటకోసారి విని రాయాలి, పది నిమిషాలకు నొప్పులెన్ని వస్తున్నాయో చెయ్యి వేసి లెక్కపెట్టాలి. మనిషిని చూసి ‘గట్టిది’ అని తేల్చేసిన చోట ఆ కాగితం ఖాళీగా ఉండడం నేను చూశాను.

పాచిపెంట మండలంలో ఎ.ఎన్.ఎమ్.గా పనిచేస్తున్నాను. సగం పల్లం, సగం కొండ ఉన్న మండలం మాది. సాలూరు దాటి సుంకి మీదుగా కొరాపుట్ వెళ్ళే ఘాట్ రోడ్డు మా మండలంలోంచే ఎక్కుతుంది. 2022 ఏప్రిల్ దాకా విజయనగరం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. కొండదొరలు, జాతాపులు, గదబలు, కొటియాలు ఉన్న పల్లెలు. వైద్యం చేసే మాలో ఎక్కువమందిమి పల్లపు ఊళ్ళవాళ్ళం. ఉద్యోగంలో చేరేసరికే మాకు కొన్ని మాటలు చెవిన పడి ఉంటాయి: కొండోళ్ళకి నొప్పి తెలీదు, మందిస్తే పారేస్తారు, మగాళ్ళు తాగుబోతులు, ఆడాళ్ళు చెప్పింది వినరు. ఇవి చెప్పేవాళ్ళు దుర్మార్గులు కారు. వానలో గెడ్డలు దాటి, టీకాల పెట్టె భుజాన వేసుకుని తిరిగినవాళ్ళే. అందుకే ఆ మాటలకు అంత బలం. అనుభవంలా వినిపిస్తాయి, ఎవరూ ఎదురడగరు.

ఈ నాలుగింటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది మొదటిది, ఎందుకంటే అది పొగడ్తలా ఉంటుంది. ‘వాళ్ళు గట్టోళ్ళమ్మా, మనలాగా కాదు’ అని మెచ్చుకుంటూనే నొప్పి ఇంజెక్షను ఆపేస్తారు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో తెల్లజాతి వైద్య విద్యార్థుల్ని, జూనియర్ డాక్టర్లని కొన్ని ప్రశ్నలు అడిగారు. నల్లవాళ్ళ చర్మం మందంగా ఉంటుందనే లాంటి తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒక్కటైనా నిజమేననుకున్నవాళ్ళు దాదాపు సగంమంది. అలా నమ్మినవాళ్ళు నల్లవాళ్ళ నొప్పిని తక్కువగా అంచనా వేశారు, వైద్యం చెప్పడంలోనూ తప్పారు. చదువుకున్నవాళ్ళే, ఎవరినీ తిట్టనివాళ్ళే. ఆ సంగతి తెలిసినప్పుడు మా లేబరు రూము కళ్ళముందు మెదిలింది.

ఈ కొండల మనుషుల్ని పైపైన చూసి తీర్పు రాసిపెట్టడం పాతపనే. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు 1909లో అచ్చువేశాడు. కొండదొరలు, గదబలు అందులో ఉన్నారు. ముక్కు పొడుగు, వెడల్పు కొలిచి జాతుల హెచ్చుతగ్గులు చెప్పొచ్చని నమ్మిన కాలం అది, ఆయనా కొలిచాడు. ఆ కొలతలు పోయాయి. మనిషి రూపం చూసి లోపలిది చెప్పేయగలమన్న ధీమా మాత్రం ఆసుపత్రి వరండాల్లో ఇంకా తిరుగుతోంది.

సికిల్ సెల్ జబ్బు దగ్గర ఆ ధీమా ప్రాణాల మీదికి తెస్తుంది. రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. ఒక్కసారిగా కాళ్ళు, నడుము, ఛాతీ పట్టేసినట్టు నొప్పి. పైకి గాయం ఉండదు, వాపు ఉండకపోవచ్చు, జ్వరమూ ఉండకపోవచ్చు. రోగి చెప్పిందే ఆధారం. కొండపల్లె కుర్రాడొకడు అలాంటి నొప్పితో పట్నంలో ఒక ఆసుపత్రికి వెళ్తే, నోటి దగ్గర జీలుగు కల్లు వాసన వస్తోందని రాత్రంతా బెంచీ మీదే ఉంచారు. నొప్పికి తాళలేక తాగాడా అని అడిగినవాళ్ళు లేరు. తర్వాత పరీక్షలో సికిల్ జబ్బని తేలింది. ఈ జబ్బును వైద్యులు మొదట రాసింది 1910లో షికాగోలో, గ్రెనడా దీవి నుంచి చదువుకోడానికొచ్చిన ఒక నల్లజాతి విద్యార్థిని చూసి. మన దేశంలో 1952లో నీలగిరి కొండల్లో గుర్తించారు. నూరేళ్ళు దాటినా అమెరికాలో నల్లవాళ్ళు ఈ నొప్పితో వెళ్తే మత్తుమందు కోసం నాటకమని అనుమానిస్తారు, ఇక్కడ తాగుడు కింద కొట్టేస్తారు. కేంద్రం 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. నలభై ఏళ్ళ లోపు వాళ్ళు ఏడు కోట్లమందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. పరీక్ష చేసి కార్డిస్తున్నాం. ఆ కార్డు చూసేదాకా మనిషి మాట నమ్మకపోతే మాత్రం కార్డు లేనివాడి గతి మళ్ళీ బెంచీయే.

ఇక ‘మందిస్తే పారేస్తారు’ అన్న మాట. ఐదో నెల గర్భిణికి హిమోగ్లోబిన్ ఏడున్నర ఉంది. పదకొండు ఉండాలి, ఏడుకన్నా తగ్గితే ప్రమాదం. ఐరన్ మాత్రలిచ్చాం. నెల తిరిగి చూస్తే అంతే. రెండో నెలా అంతే. నెలవారీ సమావేశంలో తీర్పు అయిపోయింది: ‘మింగలేదు, గెడ్డలో పారేసి ఉంటుంది.’ నేను ఆమె ఇంటికెళ్ళి అరుగుమీద కూర్చుని అడిగాను.

“మాత్రలన్నీ మింగీసేనమ్మా. దొడ్డికి నల్లగా వస్తంది కూడాను. తగ్గదేటమ్మా?”

ఆ ఒక్కమాట చాలు. ఐరన్ మింగితే మలం నల్లగా వస్తుందని ఆమెకెవరూ చెప్పలేదు. మింగితేనే అది తెలుస్తుంది. మాత్రలు మింగుతున్నా రక్తం పెరగలేదంటే కారణం వేరే ఉండాలి: కొంకిపురుగులు కావచ్చు, తలసీమియా కావచ్చు, సికిల్ కావచ్చు. రక్తం పంపిస్తే సికిల్ జబ్బే. ఆ తర్వాత ఆమె ప్రమాదమున్న గర్భిణుల జాబితాలోకి వెళ్ళింది, ఫోలిక్ యాసిడ్ పెంచారు, కాన్పు పెద్దాసుపత్రిలో, రక్తం సిద్ధం చేసుకుని జరిగింది. తల్లీబిడ్డా బాగున్నారు. ‘పారేసింది’ దగ్గరే ఆగి ఉంటే ఆమెను ఇంకో రెండు నెలలు తిట్టేవాళ్ళం, ఇంకో రెండు అట్టలు మాత్రలు ఇచ్చేవాళ్ళం.

ఆడమనిషి కావడం దీనికి ఇంకో బరువు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇంతమందికి ఉన్నది జబ్బులా కనపడదు, ఆడదాని తీరులా కనపడుతుంది. ‘నీరసమా, ఆడాళ్ళకి మామూలే’ అని పంపేస్తారు. మగమనిషి అదే మాటంటే వెంటనే పరీక్ష రాస్తారు. ఆమె నొప్పి గురించి అడిగితే పక్కన నిలబడ్డ మొగుడు చెప్తాడు, రాసుకునేవాళ్ళు అతని వైపే చూసి రాసుకుంటారు. ఆడ ఉద్యోగులమైన మాకూ ఇది తప్పదు. లేడీ డాక్టరుగారు కుర్చీలో కూర్చుని ఉండగానే ‘సిస్టరమ్మా, డాక్టరుబాబు ఎప్పుడొస్తారు’ అని అడుగుతారు. కొండజాతి నుంచి చదువుకుని వచ్చిన నర్సుకైతే రెండువైపులా దెబ్బ. ‘కోటాలో వచ్చింది’ అని వెనకాల గొణుగుతారు. ఆదివాసీ ఒడియాలో రోగిని అడిగి కనుక్కోవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ నర్సే కావాలి. నేను చూసినవాళ్ళలో రోగి చెప్పేది పూర్తిగా విని రాసుకునేది ఆ అమ్మాయిలే.

మనుషుల మీద అపనమ్మకం ఉన్నచోట యంత్రాన్ని నమ్ముకోవచ్చులే అనుకుంటాం. కోవిడ్ రోజుల్లో ప్రతి ఆశా కార్యకర్త చేతిలో పల్స్ ఆక్సీమీటరు ఉండేది. అమెరికాలో 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆక్సిజన్ నిజంగా పడిపోయినా ఆ యంత్రం బాగానే ఉందని చూపించడం తెల్లవాళ్ళకన్నా నల్లవాళ్ళలో దాదాపు మూడింతలు ఎక్కువని తేలింది. వెలుతురు చర్మంలోంచి పోవాలి, చర్మం నల్లనైతే లెక్క తప్పుతుంది. మా పల్లెల్లో ఒంటిరంగు సంగతి చెప్పక్కర్లేదు. అందుకే వేలికి యంత్రం పెట్టినా నిమిషానికి శ్వాసలెన్నో గుండెమీద చూపు నిలిపి లెక్కపెడతాను.

చెప్పింది వినరన్నదానికి వస్తాను. సాలూరులో ఐ.టి.డి.ఏ. (గిరిజనాభివృద్ధి సంస్థ) గర్భిణుల వసతి గృహం ఉంది, నెలలు నిండేముందే వచ్చి ఉండొచ్చు. రానన్నవాళ్ళని మొండివాళ్ళంటారు. ఎందుకు రానంటున్నావని కూర్చుని అడిగితే వచ్చే జవాబులు మొండితనానివి కావు. ఇంట్లో పాలుతాగే పిల్ల ఉంది, పోడులో చోడి కోతకొచ్చింది, గొడ్లు ఎవరు కాస్తారు, కిందటిసారి ఆసుపత్రిలో చీర మురికిగా ఉందని తిట్టారు. ఇందులో చివరిది మన చేతిలో ఉన్నది.

నేను పని వరస మార్చుకున్నాను. ముందు కొలత: బి.పి., శ్వాస, హిమోగ్లోబిన్. అది రాశాకే మాట. మొదట ఆమెని అడుగుతాను, తర్వాతే మొగుణ్ణి. నా అభిప్రాయం ఏదైనా ఉంటే చివర. అప్పుడు కూడా ఒక ప్రశ్న వేసుకుంటాను: ఇవే బాధలతో పార్వతీపురం నుంచి మేష్టారు భార్య వచ్చి ఉంటే ఏం చేసేదాన్ని? జవాబు వేరేగా వస్తే రాసింది కొట్టేసి మళ్ళీ చూస్తాను.

కొండ మండలాల్లో పనిచేసే తోటి అక్కచెల్లెళ్ళకు, డాక్టరుగార్లకు నా విన్నపం ఇది. ‘వినలేదు’, ‘మింగలేదు’, ‘తాగి వచ్చాడు’ అని రిజిస్టరులో రాసేముందు ఆ మనిషి చెప్పిన కారణం వాళ్ళ మాటల్లోనే పక్కన రాయండి. ఒళ్ళునొప్పులంటూ వచ్చిన ప్రతి కొండమనిషినీ సికిల్ కార్డుందా అని అడగండి, లేకపోతే ఆ రోజే పరీక్షకు రక్తం తీయండి, ఫలితం రావాలని నొప్పి మందు మాత్రం ఆపకండి.