ఉద్దానం పక్కన సిలబస్ రాస్తూ

జూన్ 3, 2024

బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం వచ్చే నెల. జువాలజీ మేజర్ పిల్లలకు ఏయే మైనర్లు ఇవ్వాలో రాసి తెమ్మన్నారు ప్రిన్సిపాల్ గారు. నిరుడు సింగిల్ మేజర్ వచ్చాక పాత బీజడ్‌సీ పోయింది. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ మూడూ సమానంగా చదివేవారన్న మాటే గానీ, మూడు ల్యాబులు, మూడు రికార్డులు. ఒకదాని ఊసు మరొకదాంట్లో ఉండేది కాదు. అది పోయినందుకు నాకు బెంగ లేదు. ఆ ఖాళీలో ఏం పెడతామన్నదే బెంగ.

జూన్ 6

యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ముందేసుకుని కూర్చున్నాను. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. అందులో మేజర్‌కు 60, మైనర్‌కు 24. నాలుగేసి క్రెడిట్ల లెక్కన ఆరు పేపర్లు. ఆరు పేపర్లంటే తక్కువేం కాదు. కానీ వేరే శాఖవాళ్లు తమ పిల్లలకు చెప్పే మొదటి ఏడాది పాఠాలే తెచ్చి అతికిస్తే ఆ ఆరూ దండగ.

జూన్ 10

స్టాఫ్ రూమ్‌లో కెమిస్ట్రీ మాస్టారు: "మైనర్ కెమిస్ట్రీ ఇచ్చేయండి మేడమ్, ఎప్పట్నుంచో ఉన్నదే కదా."

ఆయన భయం నాకు తెలుసు. వర్క్‌లోడ్ తగ్గితే పోస్టుకే ఎసరు. అది చిన్న విషయం కాదు. "ఇద్దాం మాస్టారూ, కానీ ఏ కెమిస్ట్రీ?" అన్నాను. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి గుర్తుచేశాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ కొలత. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారి రక్తంలో ఫాస్ఫరస్ పెరుగుతుంది. ఒక్క ప్రాక్టికల్‌లో కలరీమీటర్ ఆయనది, నెఫ్రాన్ నాది. మాస్టారు కాసేపు ఆలోచించి, రసాయనాల జాబితా తనే రాస్తానన్నారు.

జూన్ 14

మా పిల్లల్లో కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లున్నారు. అదే ఉద్దానం, కొబ్బరి, జీడి, పనస తోటల సీమ. నాన్నను డయాలసిస్‌కి పలాస తీసుకెళ్లి వచ్చిన పిల్లాడు మధ్యాహ్నం నా క్లాసులో నెఫ్రాన్ బొమ్మ వేస్తాడు. ఆ బొమ్మకు మార్కులు వేసేటప్పుడు చెయ్యి ఆడదు.

షుగరూ బీపీ లేనివాళ్లకు, పొలం పనులు చేసుకునేవాళ్లకు అక్కడ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. భూగర్భ జలంలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఎండలో చెమటోడ్చి సరిపడా నీళ్లు తాగకపోవడమన్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు నరికేవాళ్లకు ఇలాంటి జబ్బే.

బోరు నీళ్ల సంగతి తెలియాలంటే జియాలజీ కావాలి. ఏ వేళ ఎండలో పని చేస్తున్నారు, ఎందుకు ఆపలేరు అన్నది తెలియాలంటే కూలి లెక్కలు, అంటే ఎకనామిక్స్ కావాలి. మైనర్‌ను ప్రశ్నతో మొదలుపెట్టాలి. ఏ శాఖ దగ్గరికి వెళ్లాలో ఆ ప్రశ్నే చెబుతుంది. పేరు రాసుకున్నాను: నీరు, పని, ఆరోగ్యం.

జూన్ 19

ఇంకో మైనర్‌గా స్టాటిస్టిక్స్ అనగానే పిల్లల మొహాలు మాడిపోయాయి. పదో తరగతితోనే లెక్కలకు దండం పెట్టి వచ్చినవాళ్లు. "లెక్కలొద్దనే కదా మేడమ్ బైపీసీ తీసుకున్నాం?" అని ఒకమ్మాయి అడిగేసింది. తప్పు ఆ పిల్లది కాదు. ఎంపీసీకీ బైపీసీకీ మధ్య గోడ కట్టింది పెద్దవాళ్లం.

వాళ్లకు స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి సంగతి చెప్పాను. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆయన 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది ఏ పనికి? సూడాన్‌లో జెబెల్ మోయా దగ్గర తవ్వి తీసిన మనుషుల ఎముకల కొలతలను విశ్లేషించడానికి. అక్కడే 1948లో ఫిషర్ దగ్గర డాక్టరేట్. ఆ ఫిషర్ అప్పుడు కేంబ్రిడ్జిలో జన్యుశాస్త్ర ఆచార్యుడు. ఎముకలు లేకపోతే రావు గారి లెక్కల్లో కొన్ని పుట్టేవే కావు.

స్టాటిస్టిక్స్ మాస్టారితో కూర్చుని మొదటి పేపర్ తిరగేశాం. సూత్రాలు వెనక్కి, కొలతలు ముందుకి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒకే మనిషి రక్తంలో ఇవాళ 1.2, ఎల్లుండి 1.3 వస్తే జబ్బు ముదిరినట్టా? ఈ ప్రశ్న దగ్గర పిల్లలు తన్నుకులాడాలి. అప్పుడు స్టాండర్డ్ డీవియేషన్ వాళ్లకే కావాల్సి వస్తుంది. కావాల్సి వచ్చాకే నేర్పాలి.

జూన్ 23

మేనరికం మీద ఒక పేపర్ పెట్టాలని నా పట్టు. జెనెటిక్స్‌లో ఏటా చెబుతాం: మేనత్త, మేనమామ బిడ్డలు చేసుకుంటే వాళ్ల పిల్లల్లో అంతఃప్రజనన గుణకం 1/16, మేనమామ–మేనకోడలు పెళ్లయితే 1/8. బోర్డు మీద భిన్నాలు. ఎదురుగా కూర్చున్నవాళ్లలో అలాంటి ఇళ్లలో పుట్టినవాళ్లు ఉంటారు, తల దించుకుంటారు. జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ శిష్యుడు కృష్ణ ద్రోణంరాజు, మీరా ఖాన్‌తో కలిసి 1963లో ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాల మీద పత్రం ప్రచురించారు. అరవై ఏళ్లుగా మన చేతిలో ఉన్న విషయమే. ఆస్తి కోసమా, ఆడపిల్ల దగ్గరుంటుందనా, ఎందుకు చేసుకుంటారో చెప్పకుండా గుణకం ఒక్కటే చెబితే, అది పాఠమూ అవదు, ఆ పిల్లలకు మర్యాదా దక్కదు. సోషియాలజీ మేడమ్ గారు సగం క్లాసులు తీసుకుంటానన్నారు.

జూన్ 27

ఒక తండ్రి వచ్చారు. కౌలు రైతు. "ఇది చదివితే బీఈడీకి పనికొస్తదా అమ్మా?" మిగతా ఏ ప్రశ్న కన్నా బరువైన ప్రశ్న ఇది. ఏ మైనర్ తీసుకుంటే ఏ పీజీ, ఏ బీఈడీ, ఏ నోటిఫికేషన్‌కి అర్హత ఉంటుందో తెలుగులో ఒక కాగితం అచ్చువేసి అడ్మిషన్ రోజే చేతికివ్వాలి. అది లేకుండా ఎంత గొప్ప సిలబస్ రాసినా నేను ఒప్పుకోను.

జూలై 5

సమావేశం అయింది. నీరు, పని, ఆరోగ్యం ఒప్పుకున్నారు, స్టాటిస్టిక్స్ కూడా. మేనరికం మైనర్‌లో కాకుండా మేజర్‌లోనే ఒక పేపర్‌గా వచ్చింది. ఫరవాలేదు, అక్కడైతే అందరూ చదువుతారు.

చిక్కంతా టైమ్‌టేబుల్ దగ్గర. ఒక పీరియడ్‌కి ఒకే పేరు రాస్తారు. ఇద్దరం కలిసి చెప్పే క్లాసుకు రెండు పేర్లూ రాయాలనీ, ఇద్దరికీ పూర్తి వర్క్‌లోడ్ లెక్కించాలనీ నోట్ పెట్టాం. ఈ ఒక్కటీ నెగ్గకపోతే మిగతాదంతా కాగితం మీదే ఉంటుంది. ఫీల్డ్ ప్రాక్టికల్ నియమాలు కూడా అందులోనే చేర్చాను: పిల్లలు ఎవరి రక్తమూ తీయరు, బోరు నీళ్లు మాత్రమే పడతారు, ఏ ఊళ్లో పట్టారో ఆ ఊరి పంచాయతీకి ఫలితాలు తెలుగులో రాసి ఇచ్చాకే రికార్డు మీద సంతకం.